ఇంటి పిల్లికి ఒక మూల

మదర్సాలో తహారత్ పాఠం మొదలయిన వారంలోనే ఏటా ఎవరో ఒక విద్యార్థి పిల్లి సంగతి అడుగుతాడు. పిల్లి మూతి పెట్టిన నీళ్లతో వుజూ చేయవచ్చునా అని వారి సందేహం. మేము హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారి ఉదంతం చెబుతాము. ఆయన వుజూ కోసం కోడలు కబ్షా నీళ్లు పోసి ఉంచగా ఒక పిల్లి దాహంతో వచ్చింది. ఆయన పాత్రను దానికి అందేలా వంచి పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూడటం గమనించి, పిల్లి అపవిత్రమైనది కాదనీ, మన మధ్య తిరుగాడే వాటిలో అదీ ఒకటనీ దైవప్రవక్త (స) సెలవిచ్చిన సంగతి ఆమెకు వివరించారు. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలోను, అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలోను ఈ హదీసు ఉన్నది.

వెంటనే రెండవ ప్రశ్న వస్తుంది. మరి దాని మూత్రం? అది నజాసతే. బట్టకు అంటితే కడగాలి, నమాజు చేసే చోట పడితే శుభ్రపరచాలి. ఈ రెండు ఆదేశాల నడుమ పిల్లిని పెంచే ప్రతి ముస్లిం కుటుంబమూ కాపురం చేస్తున్నది. పిల్లికి ఒక నియమిత స్థలం ఉండి, అది అక్కడికే వెళుతున్నంత కాలం చిక్కేమీ లేదు. అది ఆ చోటు విడిచిపెట్టిన నాడు ఏమి చేయాలన్నదే అసలు ప్రశ్న. నిరుటి చలికాలంలో ఆ ప్రశ్న పాఠం దాటి మా ఇంట్లోకే వచ్చింది.

మాది గుంటూరు, ప్రకాశం సీమల నడుమ నల్లరేగడి పల్లె. మేమూ మా అన్నగారూ ఒకే ఆవరణలో ఉంటాము. మేము మదర్సాలో బోధిస్తాము. అన్నగారు పత్తి, మిరప పండిస్తారు. పత్తి తీసిన తరువాత ధర కుదిరే వరకు ఒక గది నిండా రాశి పోసి ఉంచడం ఈ ప్రాంతంలో ఎవరి ఇంటనైనా కనిపించేదే. పత్తి గింజకు ఎలుకలు వస్తాయి, మిరప టిక్కీలను కొరుకుతాయి. అందుకే ఏడేళ్ల క్రితం షేరూ అనే చారల మగపిల్లి మా ఇంట చేరింది. తిన్న తిండికి తగిన పని చేస్తూనే వచ్చింది.

పూర్వం మా వాకిలి మట్టిది. పిల్లికి మరుగుదొడ్డి కావాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. వాకిలికి సిమెంటు వేయించాక వెనుక వరండాలో, స్నానాలగది పక్క సందులో ఒక వెడల్పాటి తొట్టిలో ఇసుక పోసి పెట్టాము. రెండు రోజుల్లో షేరూ అలవాటు పడింది. తవ్వడం, పని ముగించి కప్పెట్టడం పిల్లికి ఎవరూ నేర్పనక్కర లేదు. ఇంటి పిల్లుల పూర్వికులు ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలలలో తిరిగిన అడవిపిల్లులు. ఆ ఇసుక గుణం వాటి రక్తంలోనే ఉన్నది.

గుంటూరులో చదువుకుంటున్న అన్నగారి చిన్నమ్మాయి, డిసెంబరులో సెలవులకు వస్తూ ఒక తెల్లని బొచ్చుపిల్లిని తెచ్చింది. ఆరు నెలల వయసు. స్నేహితురాలి కుటుంబం ఊరు మారుతూ ఉంచుకోలేక ఇచ్చిందట. దానికి నూరీ అని పేరు పెట్టారు. పిల్లలందరూ దాని చుట్టూ చేరారు. పది రోజులు గడిచాయో లేదో షేరూ పత్తి రాశి మీద మూత్రం పోసింది. మరునాడు మళ్లీ అక్కడే. మూడవసారి మా అమ్మీజాన్ మడిచి పెట్టుకున్న జానమాజు మీద.

అన్నగారి కోపానికి కారణం లేకపోలేదు. కాటన్ కార్పొరేషన్ వారి కొనుగోలు కేంద్రంలో పత్తి తేమ 8 శాతం ఉంటేనే పూర్తి మద్దతు ధర. ఆపైన కోత పడుతుంది. 12 శాతం దాటితే బండి వెనక్కి తిరగవలసిందే. వాసన పట్టిన పత్తిని ప్రయివేటు వ్యాపారి కూడా తాకడు. ఏడాది కష్టం ఆ గదిలో ఉన్నది.

"మౌల్వీ సాబ్, నీ హదీసులు నీ పిల్లలకు చెప్పుకో. దీన్ని నేను గోతంలో కట్టి సాగర్ కాలువ అవతల వదిలి వస్తాను" అన్నారు.

"భాయీజాన్, ముందు పత్తి సంగతి చూద్దాం, తరువాత పిల్లి సంగతి" అన్నాము.

పత్తి సంగతి తేలికైనదే. తడిసిన చోటు తెలుస్తూనే ఉన్నది గనుక, ఆ మేరకు చుట్టూ మరికొంత కలిపి గంపకు ఎత్తి తీసివేశాము. మిగిలిన రాశి అంతా పాక్ అని చెప్పాము. జానమాజు మందమైనది, పిండటానికి వీలుకానిది. అలాంటి వాటిని మూడుసార్లు కడిగి, ప్రతిసారీ నీరు బొట్టు ఆగే వరకు వేలాడదీస్తే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం శుద్ధి అవుతుంది. అమ్మీజాన్ అలాగే చేయించారు.

పిల్లి సంగతి వద్ద అన్నగారితో వాదం జరిగింది. పిల్లిని బంధించి, తిండి పెట్టక, నేల మీది పురుగూ పుట్రా తినడానికైనా విడువక చంపిన స్త్రీ శిక్షకు గురైన హదీసు మేము గుర్తుచేశాము. ఆయన వెంటనే, "నేను కట్టివేయడం లేదుగా, విడిచిపెడుతున్నానుగా" అన్నారు. ఆ మాటను తేలికగా తీసివేయలేము. ఇలాంటి ఇళ్లలో చాలామంది తమకు తాము చెప్పుకునే సమాధానం అదే. కానీ స్వేచ్ఛ అన్నది ఆ జీవికి బ్రతికే వీలున్న చోట మాత్రమే స్వేచ్ఛ. ఏడేళ్లు ఒక ఇంటి గడపను నమ్ముకున్న పిల్లిని దారి తెలియని పొలాల్లో, కుక్కల మధ్య దింపి రావడం విడుదల కాదు. మన దేశ చట్టం కూడా ఇలాగే చూస్తున్నది. ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అమ్మీజాన్ ఇద్దరి మాటలూ విని, "పత్తి అమ్ముడయ్యే దాకా ఆగు బేటా, ఆపైన నీ ఇష్టం" అన్నారు. ఆ విధంగా షేరూకు ఒక నెల గడువు దొరికింది.

మొదట పశువైద్యుని వద్దకు వెళ్లాము. ఇది ఏ ఇంటివారయినా వాయిదా వేయరాని మెట్టు. చోటు తప్పిన పిల్లికి మూత్రకోశంలో జబ్బు ఉండవచ్చు. అందునా మగపిల్లికి మూత్రనాళం సన్ననిది. అది పూడుకుపోతే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మాటిమాటికీ తొట్టిలోకి వెళ్లి కూర్చోవడం, ముక్కడం, చుక్క కూడా రాకపోవడం, అరవడం, ఆ భాగాన్నే నాకుతూ ఉండటం కనిపిస్తే తెల్లవారే వరకు కూడా ఆగకూడదు. దగ్గరలో పిల్లులను చూసే వైద్యుడు లేకపోతే గన్నవరంలోని పశువైద్య కళాశాల చికిత్సాలయం వంటి పెద్దచోటుకు తీసుకుపోవాలి. షేరూ పొట్ట నొక్కి చూసి, మూత్రం పరీక్షించి, నాళం పూడుకుపోలేదనీ, మూత్రసంచిలో కొంత వాపు ఉన్నదనీ వైద్యుడు చెప్పారు. బెదురు, దిగులు వల్ల కూడా పిల్లులకు ఈ వాపు వస్తుందట. మందు ఇచ్చి, కొన్ని ప్రశ్నలు వేశారు. తొట్టి ఎక్కడ ఉన్నది? దానికి దారులెన్ని? కొత్త పిల్లి ఎక్కడ పడుకుంటుంది? ఇది ఎప్పటి నుంచి మొదలయింది?

ఆ ప్రశ్నలకు జవాబు ఇంట్లో ఒక్కరికే తెలుసు. వెనుక వరండాలో మంచం మీద తస్బీహ్‌తో రోజంతా కూర్చునే అమ్మీజాన్‌కు. "తొట్టికి పోయే సందులో ఆ తెల్లది అడ్డంగా పడుకుంటుంది. ఇది పని చూసుకుని వెనుదిరగగానే మీద పడుతుంది. ఇది కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి పత్తి గదిలో దూరుతుంది" అన్నారు. నూరీకి అది ఆట. షేరూకు అది ఉన్న ఒక్క దారినీ మూసివేసిన శత్రువు.

పిల్లి పగ పట్టి ఇలా చేస్తుందని, కొత్తదాన్ని ముద్దు చేశామని మన మీద కక్ష తీర్చుకుంటుందని మన ఊళ్లలో అనుకుంటారు. అది సరికాదు. పిల్లి ఒంటరిగా వేటాడే జీవి. తన చోటు, తన దారి, తన వాసన మీద దాని ధైర్యం నిలబడి ఉంటుంది. మూత్రం పోసే వేళ అది నిస్సహాయ. వెనుక నుంచి ఎవరూ వచ్చి పడరన్న నమ్మకం లేని చోట అది కూర్చోలేదు. పత్తి రాశి మెత్తన, ఎత్తు, నాలుగువైపులా కనబడుతుంది. జానమాజుకు తాను నమ్మిన మనిషి వాసన ఉన్నది. అది ఎంచుకున్నవి మనకు ప్రియమైన వస్తువులు కావడం దాని తప్పు కాదు.

ఈ సందర్భంలో మస్జిదె నబవీలో జరిగిన ఒక సంఘటన పాఠకులకు గుర్తు చేయాలి. ఒక ఎడారివాసి వచ్చి మస్జిదులో ఒక మూల మూత్ర విసర్జన చేయసాగాడు. సహాబాలు ఆగ్రహంతో లేచారు. దైవప్రవక్త (స) వారిని ఆపారు. అతని పని ముగిసే వరకు కదపవద్దన్నారు. ఆ తరువాత ఒక బొక్కెన నీళ్లు అక్కడ పోయించారు. అతనికి మస్జిదు ఎందుకోసమో మృదువుగా బోధించారు. మనుషుల విషయంలో సరే, జంతువుకు ఇది ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. ఇందులో ఉన్న క్రమమే మనకు కావలసింది. మొదట ఉద్రేకాన్ని ఆపుకోవడం, తరువాత చోటును శుభ్రం చేయడం, చివరకు సరయిన దారి చూపడం. పిల్లిని చీపురుతో కొడితే, దాని మూతిని తడిలో రుద్దితే, అది నేర్చుకునేది ఒక్కటే: మనిషి కనబడని మూల వెతకాలని. బెదురు వల్ల పుట్టిన అలవాటు బెదిరింపుతో పోదు. తలుపులు మూసి కొడితే పిల్లయినా పులి అవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

శుభ్రం చేసే విషయంలో ఒక సూక్ష్మం ఉన్నది. ఫిఖ్హ్ కోరే శుద్ధి వేరు, పిల్లి ముక్కు కోరే శుద్ధి వేరు. మనం కడిగిన నేల నమాజుకు పనికివస్తుంది. అదే నేల మీద పిల్లికి మాత్రం పాత గుర్తు తెలుస్తూనే ఉంటుంది. అది తెలిసినంత కాలం అక్కడికే వస్తుంది. అందుకు ఎంజైములు ఉన్న బట్టల సబ్బుపొడిని ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లలో కలిపి రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, ఆపైన కాస్త స్పిరిట్ చల్లి తుడిస్తే మేలు. అమ్మోనియా ఉన్న ద్రావకాలు వాడరాదు, అవి మూత్రపు వాసననే గుర్తు చేస్తాయి. మన ఇళ్లలో అన్నిటికీ వాడే ఫినాయిలు, నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడే క్రిమినాశకాలు పిల్లికి విషంతో సమానం. పాదాలకు అంటినది అది నాకి మింగుతుంది, ఆ రసాయనాలను విరిచే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ.

ఇక దారి చూపడం. వైద్యుని సలహాపై నూరీని చిన్నమ్మాయి గదిలో వేరుగా ఉంచాము. దాని తిండి, నీళ్లు, తొట్టి అన్నీ అక్కడే. ఒక మెత్తని గుడ్డతో నూరీ చెంపలు తుడిచి షేరూ పడుకునే చోట ఉంచేవారు. షేరూ చెంపలు తుడిచిన గుడ్డ నూరీ గదిలోకి వెళ్లేది. ముఖం చూడక ముందు వాసనతో పరిచయం కావాలన్నమాట. మూసిన తలుపుకు అటూ ఇటూ రెండింటి గిన్నెలూ పెట్టి ఒకే వేళ తిండి పెట్టేవారు. మొదట దూరంగా, రోజురోజుకూ దగ్గరగా. రెండు వారాల తరువాత తలుపు బెత్తెడు తెరిచారు.

తొట్టెలు మూడు అయ్యాయి. ఎన్ని పిల్లులుంటే అన్ని, దానిపై మరొకటి ఉండాలన్నది వైద్యులందరూ చెప్పే లెక్క. మూడూ ఒకే వరుసలో పెడితే పిల్లి దృష్టిలో అది ఒక్కటే. అందుచేత ఒకటి పాతచోట, ఒకటి ముందు వసారాలో, ఒకటి చిన్నమ్మాయి గదిలో ఉంచాము. ముందు వసారాలోనిది రెండువైపుల నుంచీ వెళ్లే వీలున్నది. మూత లేనివి, పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు పొడవున్నవి తీసుకున్నాము. తిండిగిన్నె దగ్గర ఏదీ పెట్టలేదు.

వాటిలో ఏమి పోయాలి? 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లోవ్ అనే వ్యాపారి ఎండిన బంకమట్టి గుళికలను పిల్లుల కోసం అమ్మడం మొదలుపెట్టాడు. అంతకు ముందు అక్కడా ఇసుక, బూడిదే వాడేవారు. ఇప్పుడు దుకాణాలలో దొరికే, తడి తగిలితే గడ్డకట్టే మట్టి బెంటొనైట్. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే మన నల్లరేగడిలో ఉన్నదీ ఆ జాతి మట్టే. అయినా రేగడి పాదాలకు పట్టుకుంటుంది కనుక తొట్టికి పనికిరాదు. మేము రెండింటిలో షేరూకు అలవాటయిన సన్నని ఇసుకే ఉంచి, ఒకదానిలో వాసన కలపని బెంటొనైట్ పోసి చూశాము. పరిమళం కలిపినది మనకు బాగుంటుంది గాని పిల్లికి కాదు. రోజుకు రెండుసార్లు ముద్దలు తీసివేయడం, వారానికొకసారి అంతా మార్చి తొట్టి కడగడం పిల్లల వంతు అయింది.

అన్నగారి పెద్ద కోడలు అప్పుడు ఐదవ నెల గర్భవతి. పిల్లుల వల్ల కడుపులో బిడ్డకు ప్రమాదమని ఎవరో చెప్పగా ఆమె కలవరపడింది. వైద్యుడు సత్యాన్ని సత్యంగా చెప్పారు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కొన్ని పిల్లుల మలంలో ఉండవచ్చు. అది బయటపడిన ఒకటి నుంచి ఐదు రోజుల తరువాతనే అంటుకునే స్థితికి వస్తుంది. గర్భిణి తొట్టిని తాకకుండా, మరొకరు ప్రతిరోజూ శుభ్రం చేసి చేతులు సబ్బుతో కడుక్కుంటే పిల్లిని వెళ్లగొట్టవలసిన పనిలేదు. కూరగాయలు బాగా కడగడం, మాంసం పూర్తిగా ఉడికించడం కూడా అంతే ముఖ్యమని ఆమెకు ప్రత్యేకంగా చెప్పారు.

అంతా సాఫీగా సాగిందని చెప్పము. మూడవ వారంలో ఎవరో పిల్లవాడు తలుపు తీసి ఉంచగా రెండూ కలియబడ్డాయి. షేరూ ఆ రాత్రి మళ్లీ పత్తి గది తలుపు వద్ద తడి చేసింది. గదికి తాళం ఉండబట్టి పత్తి దక్కింది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ప్రారంభించవలసి వచ్చింది. అన్నగారు గోడకు తగిలించిన గోతం వైపు చూశారే గాని ఏమీ అనలేదు. రెండింటికీ కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయిస్తే పోట్లాటలు, గోడలమీద చిమ్మడం తగ్గుతాయన్నారు వైద్యులు. అదీ చేయించాము.

పత్తి జనవరి చివరిలో అమ్ముడయింది. తేమ కోత పడలేదు. గడువు ముగిసిన సంగతి అన్నగారు ఎత్తలేదు, మేమూ గుర్తుచేయలేదు. ఫిబ్రవరిలో కల్లంలో మిరపకాయలు ఎండగానే ఆ గోతం వాటికి పనికివచ్చింది.

షేరూ, నూరీ స్నేహితులయ్యాయని అనలేము. ఒకటి వసారాలో ఉంటే మరొకటి వరండాలో ఉంటుంది. ఎదురుపడితే ముఖం తిప్పుకుని పక్కనుంచి వెళ్లిపోతాయి. పిల్లుల లోకంలో అది మంచి పొరుగుతనమే. షేరూ ఎక్కువగా ముందు వసారాలోని తొట్టికే వెళుతుంది, రెండు దారులున్నవని దానికి తెలుసు.

ఇంటికి కొత్తవారు రావడం శుభమే. పసిబిడ్డ గాని, కోడలు గాని, పిల్లిపిల్ల గాని. వచ్చినవారికి చోటు ఇచ్చేటపుడు ఆ చోటు ఎవరి వాటా నుంచి తెగుతున్నదో చూసుకోవడం ఇంటి పెద్దల బాధ్యత. మనుషులయితే నోటితో అడుగుతారు. మూగజీవికి అడిగే భాష లేదు. తన చోటు పోయిందని అది చెప్పగలిగిన తీరులోనే చెబుతుంది, ఆ తీరు మనకు నజాసతుగా కనబడుతుంది. నజాసతును నీళ్లతో కడగవచ్చు. గోతంలో కట్టి పంపినదాని లెక్క మాత్రం మన ఖాతాలోనే ఉండిపోతుంది. మన మధ్య తిరిగే వాటి హక్కును గుర్తించే చూపును అల్లాహ్ మన ఇళ్లన్నిటికీ ప్రసాదించుగాక! ఆమీన్.